ధ్యానం ఎక్కడ మొదలుపెట్టాలి? కూర్చుంటే కునుకు, లేస్తే కాలు తిమ్మిరి

కొత్త_సాధకుడు
కొన్ని వారాలుగా పొద్దున్నే అరగంట కూర్చుందామని చూస్తున్నా. కళ్లు మూసుకోగానే ఆఫీసు, ఈఎమ్ఐ, పిల్లల స్కూలు బస్సు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. పావుగంట దాటితే కునుకు. లేచేసరికి కుడికాలు మొద్దుబారి ఉంటుంది. యూట్యూబ్‌లో ఒకాయన ఆలోచనలు ఆపేయమంటాడు, ఇంకొకాయన ఆలోచనల్ని చూస్తూ ఉండమంటాడు, మూడో ఆయన కనుబొమల మధ్య దృష్టి పెట్టమంటాడు. రోజుకొకటి చేస్తున్నా, ఏదీ కుదరట్లేదు. గురువు, దీక్ష లాంటివి ఇప్పుడే వద్దు. ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లోనే మొదలుపెట్టడానికి ఒక్క పద్ధతి చెప్పండి. ఎంతసేపు, ఎలా కూర్చోవాలి, మనసు ఎక్కడ పెట్టాలి?

తెనాలి_వాడు
ముందు ఆ ముగ్గురినీ అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి. సగం ప్రశాంతత అక్కడే వచ్చేస్తుంది.

జయక్క
తెనాలి అబ్బాయి నవ్వుతూ అన్నా అసలు విషయం అదే. రోజుకో పద్ధతి మారిస్తే ఏదీ నిలవదు. ఒకటి పట్టుకుని కనీసం ఎనిమిది వారాలు దాన్నే చేయండి. మీలా ఇంట్లో ఒంటరిగా మొదలుపెట్టేవాళ్లకి ఆనాపానం మంచిది, అంటే ఊపిరిని గమనించడం. బుద్ధుడి ఉపదేశాల సంకలనం మజ్ఝిమ నికాయంలో 118వ సుత్తం (ఉపదేశం) మొత్తం దీని గురించే. మంత్రం అక్కర్లేదు, బొమ్మ అక్కర్లేదు, ఏ మతంవాళ్లైనా చేసుకోవచ్చు.

ఫోన్లో పది నిమిషాలకి అలారం పెట్టండి. ఫ్లైట్ మోడ్‌లో వేసి, చేతికి అందనంత దూరంలో బోర్లా పెట్టేయండి. కూర్చున్నాక రెండు మూడు ఊపిర్లు కాస్త గట్టిగా తీసి వదలండి. ఆ గాలి ముక్కు దగ్గర ఎక్కడ తగులుతోందో తెలియడానికే అది. తర్వాత ఊపిరి జోలికి పోవద్దు, దాని మానాన దాన్ని వదిలేయండి. పొట్టిదైతే పొట్టిది, పొడుగుదైతే పొడుగుది. ముక్కుపుటాల అంచు, దాని కింద పై పెదవి దాకా ఉన్న ఆ చిన్న చోటు మీదే ధ్యాస ఉండాలి. లోపలికి పోయేటప్పుడు కాస్త చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా తగులుతుంది. మొదట్లో ఆ తేడా కూడా తెలియకపోవచ్చు, గాలి ఆడుతోందని తెలిసినా చాలు. ఊపిరి వెంట గుండెల్లోకి దిగొద్దు, బయటికీ పోవద్దు. పాత బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు దీనికి కోట గుమ్మం దగ్గర కాపలావాడి పోలిక చెప్పాడు. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ గుమ్మం దగ్గరే చూస్తాడు తప్ప, ఎవరి వెంటా ఊళ్లోకి వెళ్లడు.

మనసు పోతుంది. పోయిందని మీకు తెలిసిన క్షణాన "పోయింది" అనుకుని మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకోండి. ఎక్కడికి పోయింది, ఎందుకు పోయింది అని విచారణ వద్దు. పది నిమిషాల్లో యాభై సార్లు పోతే యాభై సార్లు తెచ్చుకోండి. ఆ తెచ్చుకోవడమే అభ్యాసం. ఆలోచనలు ఆపమన్నవాళ్ల మాట పక్కన పెట్టండి. ఆపాలని చూస్తే "ఆగిందా లేదా" అన్న ఆలోచన ఒకటి అదనంగా తయారవుతుంది.

కొత్త_సాధకుడు
పది నిమిషాలేనా? మరీ తక్కువ కాదా అక్కా?

జయక్క
తక్కువే. రోజూ జరగాలంటే తక్కువగానే ఉండాలి. మొదటి రెండు వారాలు పది, తర్వాత రెండు వారాలు పదిహేను, ఆ తర్వాత ఇరవై. కుదరని రోజున ఐదు నిమిషాలైనా సరే కూర్చుని లేవండి, పూర్తిగా మానొద్దు. ఆదివారం గంట కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేసేదానికన్నా రోజూ పది నిమిషాలు ఎన్నో రెట్లు మేలు. పతంజలి కూడా అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, ఎడతెగకుండా, శ్రద్ధగా చేయాలన్నాడు. రోజుకి ఎన్ని గంటలో చెప్పలేదు.

పిరమిడ్_ప్రసాద్
ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది జయక్కా. పిరమిడ్ ధ్యానం నేర్పిన పత్రీజీ చెప్పిన లెక్క ప్రకారం ఎంత వయసో కనీసం అన్ని నిమిషాలు కూర్చోవాలి. నలభై ఏళ్లవాడికి నలభై నిమిషాలు. మనసు కుదురుకోవడానికే పావుగంట పడుతుంది, పది నిమిషాలకి లేస్తే ఎక్కే మెట్టు దగ్గరే దిగిపోయినట్టు. పద్ధతి మాత్రం ఇంచుమించు ఒకటే: సుఖాసనం, చేతివేళ్లు ఒకదాంట్లో ఒకటి పెట్టుకోవడం, కళ్లద్దాలు తీసి కళ్లు మూసుకోవడం, శ్వాస మీద ధ్యాస.

జయక్క
ప్రసాద్ గారూ, కుదురుకోవడానికి సమయం పడుతుందన్నది నిజమే, కాదనను. కానీ ఈయన అరగంట పెట్టుకునే కదా పావుగంటకి నిద్రపోతున్నారు. ముందు రోజూ కూర్చునే అలవాటు పడాలి, నిమిషాలు తర్వాత పెంచుకోవచ్చు. అలవాటు పడ్డాక మీ లెక్కకే వస్తారు.

పిరమిడ్_ప్రసాద్
ఆ వరుసలో అయితే సరే. పదికే ఆగిపోవద్దని నా మనవి.

తెనాలి_వాడు
మా తాతగారికి 84. గంటా ఇరవై నాలుగు నిమిషాలు. ఆయన సంతోషంగా కూర్చుంటాడు, మధ్యలో గురక కూడా పెడతాడు.

గణితం_మాస్టారు
జయక్క గారు చెప్పినదానికి ఒక చేర్పు. మొదట్లో ఉత్త ఊపిరి మీద మనసు నిలవదు. అంకెల్ని తోడు పెట్టుకోండి. ఊపిరి వదిలేటప్పుడు లోపల్లోపలే "ఒకటి", మళ్లీ వదిలేటప్పుడు "రెండు", అలా పది దాకా. పది అయ్యాక మళ్లీ ఒకటి. మధ్యలో లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతుక్కోకుండా ఒకటి నుంచి మొదలు. పదిహేడు, పద్దెనిమిది అని వినిపించిందంటే లెక్క దానంతట అది నడుస్తోంది, మనసు ఇంకెక్కడో ఉందన్నమాట. బుద్ధఘోషుడు రాసిన విసుద్ధిమగ్గంలో ఐదుకి తక్కువ, పదికి ఎక్కువ లెక్కపెట్టొద్దని ఉంది. ఐదులోపే ఆపితే మనసు ఇరుకులో పడి కొట్టుకుంటుంది. పది దాటితే ఊపిరిని వదిలేసి అంకెల్ని పట్టుకుంటుంది.

వనస్థలి_అన్న
విపశ్యన నేర్పిన గోయెంకా గారి పద్ధతిల అంకెలు, మంత్రాలు ఏం కలపొద్దంటరు మాస్టారూ. ఉత్త ఊపిరే. అంకెలు కలిపితే మనసు జల్ది ఆగుతది గని, ఊపిరి తగులుడు సన్నగ తెల్వదు. రేపు పది దినాల విపశ్యన కోర్సుకు (ఒంట్ల తెలిసేదాన్ని గమనించే ధ్యానం) పోయినంక ఆ సన్నగ తెలుసుడే కావాలె.

గణితం_మాస్టారు
కోర్సుకి వెళ్లినప్పుడు అక్కడ చెప్పినట్టే చేయాలి, అందులో రెండో మాట లేదు. ఇంట్లో మొదటి రెండు మూడు వారాలకి మాత్రమే ఈ అంకెలు. పది దాకా తప్పకుండా మూడు నాలుగు సార్లు పోగలిగితే అంకెలు వదిలేయవచ్చు. బుద్ధఘోషుడు కూడా లెక్క మొదటి మెట్టుగానే చెప్పాడు, ఆ తర్వాత లెక్క లేకుండా ఊపిరితోనే ఉండమన్నాడు.

ఫిజియో_పద్మ
కాలు తిమ్మిరి గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. రక్తం ఆగిపోయి తిమ్మిరి వచ్చిందని అందరూ భయపడతారు. ఎక్కువసార్లు జరిగేది నరం మీద ఒత్తిడి. మోకాలికి బయటివైపు, కాస్త కిందుగా చర్మం కిందే ఒక నరం పోతుంది. బాసింపట్టు వేసుకుంటే అది నేలకీ రెండో కాలికీ మధ్య నలుగుతుంది. తొడ వెనక దిండు అంచు ఒత్తుకున్నా ఇదే సంగతి.

ఏం చేయాలంటే, పిర్రల కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు పెట్టండి. మెత్తటి తలగడ పనికిరాదు, కూర్చోగానే అణిగిపోతుంది. రెండు దుప్పట్లు గట్టిగా మడతపెట్టండి. దాని ముందు అంచు మీదే కూర్చోండి, వెనక్కి జరగొద్దు. అప్పుడు నడుము కాస్త ముందుకి వంగి, మోకాళ్లు తుంటి కన్నా కిందికి దిగుతాయి, వెన్ను దానంతట అదే నిలబడుతుంది. మోకాళ్లు గాల్లో ఉన్నాయంటే ఎత్తు చాలలేదని అర్థం. కాలు మీద కాలు వేయొద్దు. ఒక కాలి ముందు ఇంకో కాలు, రెండు పాదాలూ నేల మీదే ఉండాలి. కింద చాపో దుప్పటో వేసుకోండి, టైల్స్ మీద చీలమండలు ఒరుసుకుంటాయి. పద్మాసనం అసలు వద్దు. తుంటి తిరగని మనిషి బలవంతంగా పద్మాసనం వేస్తే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది.

మొద్దుబారడం, చీమలు పాకినట్టు ఉండడం ఫర్వాలేదు, కాలు చాపితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. మోకాలి లోపలివైపు సూదిలా పొడిచే నొప్పి వస్తే మాత్రం ఆ క్షణమే కాలు తీసేయాలి, ఓర్చుకోవడం గొప్ప కాదు. అలారం మోగగానే లేవొద్దు. మొద్దుబారిన పాదం మీద లేస్తే చీలమండ మడతపడుతుంది. కాళ్లు చాపి, వేళ్లు ఆడించి, స్పర్శ తెలిశాకే లేవండి.

డల్లాస్_దోసె
పద్మ గారూ, కుర్చీ అయితే తప్పా? ఇక్కడ మా అత్తగారికి రెండు మోకాళ్లూ మార్పిడి అయ్యాయి. నేల మీద కూర్చోకపోతే ధ్యానమే కాదని ఎవరో చెప్పారట, బాధపడుతున్నారు.

ఫిజియో_పద్మ
నూటికి నూరుపాళ్లు కుర్చీనే. డైనింగ్ టేబుల్ కుర్చీ లాంటిది, చేతులు లేనిది, కూర్చునే చోటు గట్టిగా ఉన్నది. సోఫా వద్దు. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, అందకపోతే పాదాల కింద పీట వేయండి. వెన్నుకి చాలినంత బలం ఉంటే వీపు ఆనించకుండా ముందుకి జరిగి కూర్చోవచ్చు. లేకపోతే నడుము వంపులో చిన్న టవల్ చుట్టి పెట్టి ఆనుకోమనండి. గీతలో చెప్పింది కూడా శరీరం, మెడ, తల ఒకే వరుసలో కదలకుండా ఉండాలని. ఆ వరుస కుర్చీలోనూ కుదురుతుంది.

డల్లాస్_దోసె
ఈ మాట ఆవిడకి చదివి వినిపిస్తాను. చాలా థాంక్స్ అండీ.

రాత్రి_షిఫ్టు
మాలాంటోళ్లకి బ్రాహ్మీ ముహూర్తం అంటే షిఫ్టు దిగి క్యాబ్‌లో ఉండే టైము. ఎప్పుడు కూర్చోవాలి బ్రో? నిద్రకి ముందా తర్వాతా?

మౌనంగా_ఉందాం
నిద్ర లేచాక. డ్యూటీ దిగి కూర్చుంటే అది ధ్యానం కాదు, కూర్చుని నిద్రపోవడం. నువ్వు ఎప్పుడు లేస్తే అదే నీ తెల్లవారుజాము. మొహం కడుక్కుని, టీ తాగాలనిపిస్తే తాగి, ఫోన్ చూడకముందే కూర్చో. ఒక్క మెసేజ్ చూసినా పది నిమిషాలూ దానికే పోతాయి. కడుపునిండా తిన్నాక రెండు గంటలు ఆగు.

కొత్త సాధకుడు గారి కునుక్కి కూడా ముందు అడగాల్సింది ఇదే: రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు? ఐదున్నర గంటలు పడుకుని నాలుగింటికే లేచి ధ్యానం అంటే శరీరం తన బాకీ అక్కడే వసూలు చేసుకుంటుంది. నిద్ర సరిపోతున్నా కునుకు వస్తుంటే ఇవి వరసగా చేయండి. లైటు వేసి కూర్చోండి. గడ్డం కాస్త పైకెత్తండి, తల వాలుతుంటే నిద్ర ఇంకా తొందరగా వస్తుంది. కళ్లు సగం తెరిచి మూడు నాలుగు అడుగుల దూరంలో నేల మీద చూపు ఆనించండి. అయినా ఆగకపోతే లేచి నిలబడి చేయండి, నిలబడినవాడు నిద్రపోవడం తక్కువ. శిష్యుడు మొగ్గల్లానుడికి కునుకు వస్తుంటే బుద్ధుడు చెప్పిన చిట్కాల్లో చెవులు లాగడం, కళ్లు నీళ్లతో కడుక్కోవడం, చుక్కల వంక చూడడం, నడవడం అన్నీ ఉన్నాయి. ఏదీ పనిచేయకపోతే, ఫలానాప్పుడు లేవాలని మనసులో పెట్టుకుని కుడిపక్కకి తిరిగి పడుకోమన్నాడు. నిద్ర నిజంగా కావాల్సి ఉంటే పడుకోవడమే సరైన పని.

కొత్త_సాధకుడు
నిద్ర ఐదున్నరే మౌనం గారూ. పదకొండున్నరకి పడుకుని ఐదింటికి లేస్తున్నా.

మౌనంగా_ఉందాం
అయితే ధ్యానం ఆరున్నరకి పెట్టుకోండి, లేదా రాత్రి పదిన్నరకే పడుకోండి. బ్రాహ్మీ ముహూర్తం కోసం నిద్ర తెగ్గోసుకుంటే ధ్యానం కాస్తా కునుకు అవుతుంది. టైము ఏదైనా రోజూ అదే ఉండాలి, చోటూ అదే ఉండాలి. ఏదైనా పాత అలవాటు వెనకాల తగిలించండి: స్నానం కాగానే, లేదా దీపం పెట్టగానే. "వీలున్నప్పుడు" అనుకుంటే ఆ వీలు రాదు.

నెల్లూరు_నీరజ
నాకు వేరే బాధ. ఊపిరి చూడడం మొదలుపెట్టగానే ఛాతీ పట్టేసినట్టు, గాలి సరిపోనట్టు ఉంటుంది. మామూలుగా ఏమీ ఉండదు, డాక్టరు కూడా ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు.

జయక్క
ఇది చాలామందికి వస్తుందమ్మా. చూస్తున్నాననుకుంటూ తెలియకుండానే ఊపిరిని నడిపిస్తుంటాం. లోతుగా తీయాలి, సమానంగా తీయాలి అని లోపల ఒక పట్టు ఉంటుంది. అలా గట్టిగా, ఎక్కువెక్కువగా తీస్తే వేళ్ల చివర్లు జివ్వుమంటాయి, తల తేలినట్టు అవుతుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గడం వల్ల వచ్చేది అది. అప్పుడు ఆపేసి, కళ్లు తెరిచి, మామూలుగా కాసేపు కూర్చోవాలి.

నీకు రెండు దారులున్నాయి. ఒకటి, లోపలికి పోయే ఊపిరిని పట్టించుకోకుండా బయటికి వచ్చేదాన్ని మాత్రమే గమనించడం. వదలడానికి ప్రయాస అక్కర్లేదు కాబట్టి నడిపించాలన్న పట్టు సడలుతుంది. అదీ ఇబ్బందైతే ఊపిరి మొత్తం వదిలేసి, ఒళ్లో పెట్టుకున్న రెండు అరచేతుల మీద ధ్యాస పెట్టు. వెచ్చదనం, బరువు, గుడ్డ తగలడం, సన్నటి అదురు, ఏది తెలిస్తే అది. మనసు పోతే చేతుల దగ్గరికి తెచ్చుకోవడం, అంతే. జలుబుతో ముక్కు మూసుకుపోయినప్పుడూ ఇదే చేయొచ్చు.

బర్మా_బాట
పొట్ట కూడా చూడొచ్చు. బర్మా భిక్షువు మహాసి సయాడో పద్ధతిలో ముక్కు దగ్గర కాకుండా పొట్ట ఎత్తడం, తగ్గడం గమనిస్తారు. లోపల "లేస్తోంది", "తగ్గుతోంది" అని మెల్లగా అనుకుంటారు. మధ్యలో ఆలోచన వస్తే "ఆలోచన", శబ్దం వస్తే "వినిపిస్తోంది", దురద వస్తే "దురద" అని గుర్తు వేసి మళ్లీ పొట్టకి. కోపం, దిగులు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ పేరు పెట్టడం బాగా పనికొస్తుంది. "నాకు కోపంగా ఉంది" అనుకుంటే కథ మొదలవుతుంది, "కోపం" అని ఒక్క మాటతో ఊరుకుంటే కథ ముందుకి పోదు.

నెల్లూరు_నీరజ
అరచేతులతో ఇప్పుడే ఐదు నిమిషాలు చూశా. ఛాతీ పట్టడం లేదు. కానీ ఎదురింటి కుక్కర్ మాత్రం నాలుగు విజిల్స్ వేసింది.

బర్మా_బాట
నాలుగు సార్లు "వినిపిస్తోంది" అనుకుంటే సరి. లెక్క తెలిసిందంటే మెలకువగానే ఉన్నారు.

వనస్థలి_అన్న
సప్పుడు లేని జాగ దొరకదు మనకు. పొద్దుగాల గుడి మైకు, పక్కన అపార్ట్‌మెంట్ కట్టే మిషిన్లు. చెవుల దూది పెట్టుకుంటే ఇంకింత సతాయిస్తది. సప్పుడు వచ్చుడు కాదు ఇబ్బంది, "వీడు ఎప్పుడు బంద్ జేస్తడు" అనుకునుడే ఇబ్బంది. గా మాటను చూడాలె.

ఐటీ_అరుణ్
యాప్స్ ఎవరూ చెప్పట్లేదు? గైడెడ్ ఆడియో పెట్టుకుంటే ఈజీ కదా. మ్యూజిక్ కూడా ఉంటుంది.

గణితం_మాస్టారు
మాటలతో నడిపించేది మొదటి వారం పది రోజులు మంచిదే. సంగీతం వద్దు. సంగీతం హాయిగా ఉంటుంది, కానీ మనసు పోయిందన్న సంగతే తెలియనివ్వదు. తెలియకపోతే తిరిగి తెచ్చుకునేదేముంది? తర్వాత తర్వాత ఆడియో తగ్గించి ఉత్త గంట మోగే టైమర్‌కి రండి. విపశ్యన వాళ్ల పది నిమిషాల ఆనాపాన ఆడియో తెలుగులోనూ ఉచితంగా దొరుకుతుంది. ఇంకోటి, వరసగా ఇన్ని రోజులు చేశారని చూపించే అంకెలు ఆపేసుకోండి. ఒకరోజు తప్పి ఆ అంకె సున్నా అయ్యేసరికి మానేసేవాళ్లు బోలెడుమంది.

సత్తుపల్లి_శాంత
కూర్చోవడం ఒక్కటే చెబుతున్నారు అందరూ. మిగతా రోజంతా? పది నిమిషాలు ఎరుకగా ఉండి, మిగతా టైమంతా ఎవరో తరుముతున్నట్టు బతికితే ఏం లాభం? అమెరికాలో జాన్ కబత్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో నొప్పులున్న రోగుల కోసం ఒక శిక్షణ మొదలుపెట్టాడు, ఇప్పుడది ఎనిమిది వారాలు నడుస్తుంది. జయక్క అన్న ఎనిమిది వారాలకి అదీ ఒక సాక్ష్యం. అందులో మొదటి పాఠమే తినడం. ఒక్క ఎండుద్రాక్షని చేతిలో పట్టుకుని చూసి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, కొరికి, మింగేదాకా ప్రతిదీ గమనించడం.

మనకి ఎండుద్రాక్ష ఎందుకు, చేత్తో కలుపుకుని తినే అన్నం ఉంది. మొదటి మూడు ముద్దలు చాలు. టీవీ కట్టేయండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. అన్నంలో పప్పు కలిపేటప్పుడు వేళ్లకి వేడి ఎక్కడ ఎక్కువ తగులుతోంది, మెతుకు ఎక్కడ నలుగుతోంది, నెయ్యి ఎప్పుడు కరిగింది. ముద్ద నోటిదాకా వచ్చేసరికే నోట్లో నీరూరడం తెలుస్తుంది. ఆవకాయ ముక్క తగలగానే పులుపు ముందా, కారం ముందా, ఉప్పు ముందా? నములుతుండగానే చెయ్యి రెండో ముద్ద కలిపేస్తుంటుంది, దాన్ని పట్టుకోండి. మింగేదాకా చెయ్యి కంచంలో ఊరికే ఉండాలి. ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది. మూడు ముద్దలయ్యాక మామూలుగా తినండి, అందరితో మాట్లాడండి.

తెనాలి_వాడు
శాంత గారూ, రాత్రి పదకొండింటికి ఇది చదివించారు. ఇప్పుడు పప్పన్నం ఎక్కడ తేవాలి?

కొత్త_సాధకుడు
శాంత గారూ, ఇది నాకు బాగా నచ్చింది. ఆఫీసులో ఏమైనా చేయొచ్చా?

సత్తుపల్లి_శాంత
చేయొచ్చు. ఎర్ర సిగ్నల్ పడితే మూడు ఊపిర్లు. ఫోన్ మోగితే ఎత్తే ముందు ఒక్క ఊపిరి. మెట్లు దిగేటప్పుడు పాదాలు. మూడు పనులు ఎంచుకోండి, ముప్పై కాదు. అన్నీ పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు.

బర్మా_బాట
నడక కూడా చేర్చండి. డాబా మీదో వరండాలోనో పది పదిహేను అడుగుల జాగా చాలు, చెప్పులు లేకుండా. పాదం ఎత్తడం, ముందుకి పోవడం, కింద ఆనడం, ఈ మూడూ తెలియాలి. చివరికి వచ్చాక ఆగి, నిలబడ్డానని తెలుసుకుని, మెల్లగా తిరిగి మళ్లీ నడవాలి. చూపు నాలుగడుగుల ముందు నేల మీద ఉండాలి, పాదాల వంక వంగి చూడొద్దు, మెడ పట్టేస్తుంది. మరీ నెమ్మదిగా నడిస్తే తూలుతారు, తూలుతుంటే కాస్త వేగం పెంచండి. కునుకు సమస్య ఉన్నవాళ్లు పది నిమిషాలు నడిచి తర్వాత కూర్చుంటే తేడా బాగా తెలుస్తుంది.

రాత్రి_షిఫ్టు
కళ్లు మూసుకుంటే ఊదారంగు వెలుగు కనిపిస్తోంది బ్రో. ఒకసారి ఒళ్లంతా ఊగింది కూడా. ఇది మంచిదేనా?

మౌనంగా_ఉందాం
మంచీ కాదు, చెడూ కాదు. కళ్లు మూసుకుంటే రంగులు కనిపించడం మామూలే. ఒళ్లు ఊగడం చాలాసార్లు కునుకు ముందు వస్తుంది, వెన్ను నిలబెట్టుకుని చూడు. రంగుల వెంట పోతే ఊపిరి పోతుంది. రేపు మళ్లీ అదే రంగు రావాలని కూర్చుంటే ఇంకా నష్టం. దురదకీ ఇదే: మూడు ఊపిర్లు ఆగు, చాలాసార్లు దానంతట అదే పోతుంది. పోకపోతే తెలిసి, నెమ్మదిగా గోక్కో. నోట్లో లాలాజలం ఊరితే మింగెయ్యి, దానికేం దోషం లేదు.

పిరమిడ్_ప్రసాద్
రంగుల్ని అంత తేలిగ్గా తీసేయొద్దు, మా దగ్గర వాటిని అనుభవాలుగానే చెప్పుకుంటారు. అయితే వాటి కోసం కూర్చోకూడదన్న మాట ఒప్పుకుంటా.

ఐటీ_అరుణ్
ఇదంతా నెలలు పట్టేలా ఉంది. నేరుగా పది రోజుల విపశ్యనకి వెళ్లిపోతే?

వనస్థలి_అన్న
పోవచ్చు తమ్మీ, గని తెలుసుకుని పో. తెల్లారగట్ల నాలుగింటికి గంట కొడ్తరు, నాలుగున్నర నుంచి కూసునుడు. రోజుకు పది గంటల పైచిలుకు. పొద్దుగాల ఆరున్నరకు టిఫిన్, పదకొండింటికి అన్నం, సాయంత్రం అయిదింటికి కొత్తోళ్లకు చాయ్, ఏదన్న పండు. రాత్రి అన్నం ఉండదు. ఫోన్ మొదటి రోజే ఇచ్చేయాలె. పదో రోజు దాంక ఎవ్వరితోటి మాట్లాడొద్దు, సైగలు గూడ వద్దు. ఏమన్న ఇబ్బందైతే ఆచార్యులతోటి, సేవకులతోటి మాట్లాడొచ్చు. మొదటి మూడు దినాలు ఉత్త ఆనాపానమే, విపశ్యన నాలుగో దినం చెప్తరు. అప్పటి నుంచి దినాం మూడు సార్లు గంట గంట కదలకుండ కూసోవాలె. పైసలు తీసుకోరు, కోర్సు అయినంక మనసుల ఉంటే దానం ఇయ్యొచ్చు. మన దిక్కు వనస్థలిపురంల ధమ్మ ఖేత్త, సంగారెడ్డి దిక్కు కొండాపూర్‌ల ధమ్మ కొండఞ్ఞ, నాగార్జునసాగర్ హిల్ కాలనీల ధమ్మ నాగజ్జున, ఏలూరు దిక్కు విజయరాయిల ధమ్మ విజయ ఉన్నయి. సీట్లు జల్ది నిండుతయి, ముందుగాల ఆన్‌లైన్‌ల అప్లై చేసుకోవాలె.

నా సలహా ఏందంటే, ముందు ఇంట్ల రోజు అరగంట కూసునే కాడికి రా. అప్పుడు పో. అలవాటు లేకుంట పోయినోళ్లు రెండో దినం, ఆరో దినం నడుములు పట్టుకుని ఇంటికి పోతమంటరు. ఇంకోటి, అక్కడ ఉన్నన్ని రోజులు జపం, ప్రాణాయామం, రేకి ఏదీ కలపొద్దు.

ఫిజియో_పద్మ
వెళ్లేవాళ్లకి ఒక మాట: అక్కడ కుర్చీ అడగొచ్చు. మోకాళ్లు, నడుము ఇబ్బంది ఉంటే ఫారంలోనే రాయండి.

సీమ_బిడ్డ
చాలా రోజులుగా ఈ చర్చ చదువుతున్నా, ఇప్పుడు అడగక తప్పట్లేదు. నేను డిప్రెషన్‌కి మాత్రలు వేసుకుంటున్నా. ధ్యానం చేస్తే మాత్రలు మానేయొచ్చని ఒకరన్నారు. కోర్సు ఫారంలో మాత్రల సంగతి రాస్తే తీసుకోరేమో అని భయం. రాయకుండా పోతే ఏమన్నా అవుతుందా?

జయక్క
మాత్రలు మానొద్దు తల్లీ. ధ్యానం చేస్తున్నామని డోసు తగ్గించడం, ఒక్కసారిగా ఆపడం రెండూ ప్రమాదమే. ఆపితే వచ్చే తలతిరుగుడు, నిద్రలేమి, బెంగ చూసి ధ్యానం వల్ల అనుకుంటారు, లేదా జబ్బు తిరగబెట్టినా తెలుసుకోరు. తగ్గించాలా వద్దా అన్నది నీ డాక్టరు చెప్పాల్సిన మాట.

ఫారంలో తప్పకుండా రాయి, మందు పేరు, డోసుతో సహా. అడిగేది నీ మేలు కోసమే. రోజుకి పది గంటలు మౌనంగా కూర్చుంటే లోపల అణిగి ఉన్నవి పైకి వస్తాయి, తట్టుకోవడానికి అక్కడ నీకు తెలిసినవాళ్లు ఉండరు. ఇప్పుడే వద్దు, తర్వాత రమ్మని చెబితే చిన్నబుచ్చుకోవద్దు. బైపోలార్, స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు, ఈమధ్యే మనసుకి పెద్ద దెబ్బ తగిలినవాళ్లు కూడా మానసిక వైద్యుణ్ని అడగకుండా పది రోజుల మౌనానికి పోకూడదు.

ఇంట్లో మాత్రం డాక్టరుకి ఒక మాట చెప్పి చేసుకోవచ్చు. నువ్వు కళ్లు మూసుకోవద్దు. కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, ఐదు నిమిషాలు, ఎదురుగా కిటికీ ఉంటే అటు చూస్తూ పాదాల కింద నేల తగలడం గమనించు. ఒక్కసారిగా భయం కమ్మినా, చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించినా, పాతవి కళ్లముందు తిరిగినా వెంటనే ఆపేసి లేచి నడువు, ఇంట్లోవాళ్లతో మాట్లాడు. రెండోసారి అలాగే అయితే డాక్టరుకి చెప్పేదాకా కూర్చోవద్దు. బాగున్న రోజుల్లో బర్మా బాట గారు చెప్పిన నడక చెయ్యి, నీకు కూర్చోవడం కన్నా అదే నయం.

సీమ_బిడ్డ
సరే అక్కా. ఈ గురువారం డాక్టరు దగ్గరికి పోతున్నా, అడుగుతా. అంతవరకు నడకే.